ఫట్‌ఫటి చెవి వంకర

"పిన్నీ, మీ ఇంట్లో సాపుగా ఉన్న అద్దం ఏదైనా ఉందా?" అని మొన్న ఆదివారం పొద్దున మా అక్క కొడుకు అడిగాడు. అడిగినవాడు నలభై దాటిన మనిషి, ముందు జుట్టు పల్చబడుతున్నవాడు. సిరవార నుంచి మొదటి బస్సుకు వచ్చి, మా పెరట్లో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి నిద్రపోతున్న మా నాయిన ఫట్‌ఫటిని బయటికి లాగి, దాని కార్బురేటరు విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఫట్‌ఫటి అంటే మోటారు సైకిలే. రాయచూరులో మా చిన్నప్పుడు దానికి వేరే పేరు ఉందని ఎవరికీ తెలియదు. వాడి తండ్రికి, అంటే మా బావగారికి, ఈ మధ్య మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. నడపలేకపోయినా ఆ బండి శబ్దం ఒక్కసారి వినాలని ఉందట. అందుకని కొడుకును పంపాడు. వీడు అద్దం అడిగేసరికి నాకు నవ్వు ఆగక చేతిలో ఉన్న చాయ్ సగం సాసర్లోకి వచ్చింది. "అంత నవ్వొచ్చే మాటేమన్నాను?" అన్నాడు వాడు, కాస్త చిన్నబుచ్చుకుని. ఏమని చెప్పను? ఆ అద్దం గొడవ జరిగినప్పుడు వాడు వాళ్ళమ్మ కడుపులో ఉన్నాడు. వాడు రాయచూరులో పుట్టాలా, సిరవారలో పుట్టాలా అన్నదే అప్పటి తగాదా.

ఆ తగాదా ఎవరివల్ల వచ్చిందో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. సిరవార దగ్గరి క్యాంపులో చెప్పుకునే కథలో తప్పు మా నాయినది. మా ఇంట్లో చెప్పుకునే కథలో తప్పు బావగారిది. రెండు కథల్లోనూ సాక్షిని నేనే. నన్ను ఎవరు అడిగినా ఒకే మాట చెప్పాను, ఇద్దరూ నేను తమ పక్షమే అనుకున్నారు. అదెలా సాధ్యమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా అక్కను కాలువ కింద భూములు చేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళింట్లో ఇచ్చారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే, కాబట్టి భాష ఇబ్బంది లేదని పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి హామీ ఇచ్చాడు. పాపం, ఆయన ఇంట్లో కన్నడం మాట్లాడతాడు, ఆయనకేం తెలుసు! అక్క కాపురానికి వెళ్ళిన మొదటి రోజు అత్తగారు కొసరి కొసరి అన్నం వడ్డిస్తుంటే ఇది చెయ్యి అడ్డం పెట్టి "బస్, బస్" అందట. ఆవిడ గరిట పట్టుకునే వాకిట్లోకి తొంగిచూసి, "ఇప్పుడు బస్సెక్కడిదమ్మా, మళ్ళీ సాయంత్రానికే" అందట. మళ్ళీ వచ్చి ఇంకో గరిటెడు వేసిందట. ఇది మళ్ళీ "బస్" అంది. కోడలికి పుట్టింటి మీద బెంగ పట్టుకుందని, తిన్నదంతా కన్నీళ్ళకే సరిపోతోందని ఆ రాత్రి క్యాంపంతా చెప్పుకున్నారు. అక్క ఈ సంగతి చెప్పి మమ్మల్ని నవ్వించినప్పుడు మా నాయిన మాత్రం నవ్వలేదు. "బస్ అంటె సమజ్ గాదా? గదేం తెలుగు వాళ్ళది?" అన్నాడు. ఆ మాటలో తెలుగు ఏదో వెతికి చూపించే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

మా నాయిన రాయచూరు స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. ఊళ్ళ మీదికి పోయే మామిడిపళ్ళ బుట్టల్నీ కోళ్ళ గంపల్నీ చూసీ చూసీ ఆయనకు ఏ వస్తువైనా సరిగ్గా కట్టి ఉందా లేదా అని తాడు లాగి చూడటం అలవాటైంది. ఏ ముడి చూసినా ఇంకొంచెం బిగించేవాడు. మా జడలు కూడా ఆయన వేస్తే కనుబొమ్మలు పైకి లేచేవి. ఆ మనిషి దగ్గరికి ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ ఆ పాత ఫట్‌ఫటిని వదిలిపోయాడు. దాన్ని నాయిన కొడుకులా చూసుకున్నాడు. మేం ఇద్దరం ఆడపిల్లలమే కావడం వల్ల మాకు ఈ పోలిక తరచూ వినపడేది.

అక్కకు ఏడో నెల రాగానే సీమంతం చేసి పురిటికి మా ఇంటికి తెచ్చుకున్నాం. దింపడానికి వచ్చిన బావగారు రెండు రోజులు ఉండిపోయాడు. కొత్త అల్లుడు, మాటకు ముందూ వెనకా "అండి" లేకుండా నోరు తెరవడు. మా నాయినకు ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు, ఆయనకు మా నాయినతో ఏం మాట్లాడాలో తెలియదు. ఇద్దరూ వరండాలో ఎదురెదురుగా కూర్చుని గోడ మీది క్యాలెండరు చదివేవాళ్ళు. అలాంటప్పుడు బండి పొద్దున స్టార్టు కాకుండా మొరాయించింది. బావగారు ట్రాక్టరు ఎరిగినవాడు. "కార్బురేటరు మొత్తం విప్పి కడిగి, కొత్త వాషర్లు వేద్దామండి మావయ్యగారూ" అన్నాడు. మా నాయిన మొహం వెలిగిపోయింది. ఆ పూట వాళ్ళిద్దర్నీ చూసి మా అమ్మ వంటింట్లో, "మామ అల్లుడు కల్సిన్రు తల్లీ" అని దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది.

కార్బురేటరు అంటే అరచేతిలో పట్టే తెల్లలోహపు డబ్బా. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందిస్తుంది. దాని మూతికి అటొకటి ఇటొకటి రెండు చెవులుంటాయి, ఆ చెవులకు ఉన్న రంధ్రాల్లోంచి బోల్టులు పెట్టి ఇంజనుకు బిగిస్తారు. ఇదంతా నాకు ఆ రోజే తెలిసింది, ఎందుకంటే టార్చిలైటు పట్టుకునే పని నాకు అప్పజెప్పారు. స్టీలు పళ్ళెంలో కిరసనాయిలు పోసి అందులో దాని పేగులన్నీ నానబెట్టారు. తేలే ఇత్తడి బుడ్డి ఒకటి, సూదులు, గసగసాల గింజ కూడా పట్టనంత సన్న బెజ్జం ఉన్న ఇత్తడి మరలు. అన్నీ కడిగి, ఊది, మళ్ళీ కూర్చారు. చివరికి డబ్బాను ఇంజనుకు బిగించే వేళ వచ్చింది. పానా మా నాయిన చేతిలో ఉంది. బావగారు అటువైపు వంగి, అతుకు దగ్గర కన్నుపెట్టి చూస్తున్నాడు. ఇంకా పెట్టవలసిన చిన్న మర ఒకటి ఎక్కడ పడిపోతుందోనని పెదాల మధ్య పట్టుకున్నాడు. మా నాయిన తిప్పుతున్నాడు. బావగారు మూసిన పెదాల్లోంచి, "చాలు" అన్నాడు. మా నాయిన ఇంకో తిప్పు తిప్పాడు. "చాలు, చాలు!" అన్నాడు బావగారు. మా నాయిన పళ్ళ బిగువున ఇంకా బలంగా తిప్పాడు. "చాలు!" అని ఆయన, తిప్పడం ఈయన. చిటుక్కుమని ఒక చిన్న చప్పుడైంది. మర నోట్లోంచి తీసి బావగారు మా నాయిన వంక చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నన్నెంత అవమానించావు అన్నట్టుంది ఆ చూపు. మా నాయిన మాత్రం అల్లుడు చెప్పినదంతా చేసి మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

బండి స్టార్టయింది. కానీ ఆగి ఉన్నప్పుడు కూడా ఎవరో తరుముతున్నట్టు అరవడం మొదలుపెట్టింది. చేతిపిడి పూర్తిగా వదిలేసినా గొంతు తగ్గించదు. బావగారు ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. మా నాయిన దాన్ని ముగ్గురు మిస్త్రీలకు చూపించాడు. ఒకాయన ఉర్దూలో జెట్టులో కచరా ఉందన్నాడు, ఇంకొకాయన కన్నడంలో రింగు పోయిందన్నాడు. మూడో ఆయన తెలుగులో "దీనికి గాలి పట్టింది" అన్నాడు. ఈ మూడోమాట ఇంటికి చేరేసరికి మా అమ్మ హ్యాండిలుకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టింది. గాలి పట్టిన చోటు చెవి దగ్గరనీ, అతిగా బిగించడంతో చెవులు వంగి మధ్యలో సందు పడిందనీ, అక్కడినుంచి అక్కర్లేని గాలి ఇంజనులోకి పోతోందనీ తర్వాత తేలింది. నిమ్మకాయ మాత్రం అమ్మ తీయనివ్వలేదు.

వంగింది కాబట్టి వంచింది ఎవరన్న ప్రశ్న వచ్చింది. మా నాయిన పార్సిల్ ఆఫీసులో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కూడా, "నేనేం జేసిన? అల్లుడు బిగియ్యి బిగియ్యి అన్నడు, బిగిచ్చిన" అని చెప్పాడు. స్టేషన్లో అన్న మాట సిరవారకు చేరడానికి ఒక బస్సు చాలు. తర్వాతి ఆదివారం బావగారు వచ్చాడు గానీ చెప్పులు విడిచిన చోటే వరండా అంచున కూర్చున్నాడు. "నేను ఆపమంటే ఆయన ఆపలేదు. పైగా నలుగురిలో నేనే బిగించమన్నానని చెబుతున్నారు. నాకు అబద్ధం ఆడే అలవాటు లేదండీ" అన్నాడు మా అమ్మతో. లోపల మంచం మీద పడుకున్న మా నాయిన గోడకు చెబుతున్నట్టు, "నాగ్గూడ లేదు" అన్నాడు. ఇద్దరూ నన్నే అడిగారు. "చాలు, చాలు అన్నాడు" అని నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "చూశారా!" అన్నాడు బావగారు. "ఇన్నరా!" అన్నాడు మా నాయిన. నేను ఎవరిని గెలిపించానో తెలియక వంటింట్లోకి పోయి చింతపండు పిసుకుతూ కూర్చున్నాను.

ఆ మాట మీద బావగారు తేల్చేశాడు. వచ్చే ఆదివారం వచ్చి భార్యను తీసుకుపోతాడు, పురుడు క్యాంపులోనే. మొదటి పురుడు పుట్టింట్లో జరగకపోతే మా అమ్మకు అది తల తీసేసినట్టే. ఊళ్ళోవాళ్ళ ముందు ఏం చెప్పుకుంటుంది, బండి చెవి వంగిందని చెప్పుకుంటుందా? మా నాయిన "వాళ్ళ ఇష్టం" అని ఊరుకున్నాడు. కానీ ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. అక్క ఎవరి పక్షమూ మాట్లాడలేదు. నిండు పొట్టతో కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల్ని చూసేది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అత్తవారింటి బస్సు, అత్తవారింట్లో ఉన్నన్నాళ్ళూ పుట్టింటి బస్సు చూడటమే దాని పనైపోయిందని నాకు దాని మీద చెప్పలేనంత జాలి వేసింది.

బావగారు వస్తానన్న ఆదివారం పొద్దున మా నాయినకు ఏం తోచిందో, చెవుల వంకర తనే తీస్తానని కూర్చున్నాడు. సాపుగా ఉన్న అద్దం మీద గరుకు కాగితం పరిచి, దాని మీద మూతిని రుద్దితే ఎత్తుగా ఉన్నచోట అరిగి అంతా సమమవుతుందట. ముందుగా ఎక్కడ ఎత్తుందో తెలియాలి కదా, దానికి అద్దానికి నూనెలో కలిపిన నీలిమందు పల్చగా పూసి, మూతిని దాని మీద ఆనించి తీస్తే ఎత్తుగా ఉన్న చోట మాత్రమే నీలం అంటుకుంటుంది. అలమారా అద్దంలో మా మొహాలు పొడుగ్గా కనబడతాయి, అది పనికిరాదు. కిటికీ అద్దం పగిలి ఉంది. మా నాయిన ఇల్లంతా కలయజూసి, గోడ మీదున్న అక్క పెళ్ళి ఫోటో దింపి, మేకులు ఊడదీసి, దాని అద్దం తీసుకున్నాడు. ఫోటోను మంచం మీద పెట్టి, ఎగిరిపోకుండా కందిపప్పు డబ్బా బరువు పెట్టాడు. సరిగ్గా ఆ సమయానికి బావగారు లోపలికి వచ్చాడు.

ఆయన మొదట గోడకు ఆనించిన ఖాళీ చట్రాన్ని చూశాడు, తర్వాత పప్పు డబ్బా కింద ఉన్న తన మొహాన్ని చూశాడు. మొహమంటే సగమే కనబడుతోంది, మీసం దాకా డబ్బా ఉంది. "పెళ్ళి ఫోటో తీసేశారాండీ?" అన్నాడు. మా నాయిన నీలం వేళ్ళు గాల్లో పెట్టుకుని, "అద్దం గావల్సొచ్చింది" అన్నాడు. ఉన్నమాటే, కానీ అంతకంటే చెడ్డ మాట ఆ క్షణంలో ఇంకొకటి దొరకదు. "సరే. సామాను సర్దుకో" అన్నాడు బావగారు అక్కతో. వంటింటి గడపలో మా అమ్మ కూలబడిపోయింది.

అక్క లేవలేదు. తండ్రిని చూసి, "నాయినా, ఆ దినం ఈయన ఏమన్నడో, గదే మాట అట్లనే అను" అంది.

"చాలు, చాలు అన్నడు. ఎన్నిసార్లు జెప్పాలె?"

"చాలు అంటె ఏంది?"

"ఏందంటవేంది? చాలూ ఉంచు, ఆపకు అని! మోటరు చాలూ చెయ్యి, పని చాలూ పెట్టు అనమా? ఆపమనాలంటె బస్ అనాలె గద! ఒక్కసారన్న బస్ అన్నడా?"

అక్క కిటికీ ఊచ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట కదులుతుంటే చెయ్యి ఆనించుకుని మరీ నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. అవి అన్నీ నవ్వువి కావని నాకు తెలుసు. "నాయినా, వాళ్ళింట్ల చాలు అంటె మన బస్. నేను బస్ అంటె మా అత్త వాకిట్లకెల్లి చూసింది, ఆయన చాలు అంటె నువ్వు బిగిచ్చినవు" అంది. బావగారు నోరు తెరిచి, "అయితే నేను ఆపమన్నకొద్దీ ఆయన..." అని మధ్యలో ఆగిపోయాడు. మా నాయిన ఒక పట్టాన ఒప్పుకోలేదు. "చాలు అనే మాట మనం గూడ అంటం. అన్నం చాలు, నీళ్ళు చాలు. గది నాకు ఎర్క లేదా? కాని పానా పట్టుకున్నప్పుడు ఎవరంటరు?" అన్నాడు. అల్లుడి వైపు తిరిగి, "ఎప్పుడు అండి అండి అంటవు గద. చాలండి అని ఉంటె నాకు సమజయ్యేది" అన్నాడు. "నోట్లో మర ఉందండీ" అన్నాడు బావగారు. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క "అండి" పలకడానికి ఆయన పెదాలకు తీరిక లేకపోయింది.

ఇంతకూ తప్పు ఎవరిదని మా నాయిన సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు. ఎవరిదీ కాదంటే ఆయనకు నచ్చలేదు. చెవి వంగి కళ్ళముందు కనబడుతుంటే ఎవరూ వంచలేదంటే ఎలా అని ఆయన బాధ. అలా అడుగుతూనే అల్లుడి పక్కన చతికిలబడి మూతిని రుద్దాడు. ఒకరు రుద్దడం, ఒకరు నీలిమందు పెట్టి చూడటం. మొదట చెవులకే అంటిన నీలం మెల్లగా మధ్యకు వచ్చింది. ఆ పైన ఒకవైపే అంటుతుంది, ఇంకోవైపు అంటదు. అప్పుడు మూతి వంకరా, అద్దం వంకరా అని ఇద్దరికీ అనుమానం వచ్చింది. అద్దాన్ని పరీక్షించడానికి ఇంకో అద్దం తెచ్చారు. ఆ రెండింటి మధ్యా సందు కనబడింది. ఏది వంకరో చెప్పడానికి మూడో అద్దం కావాలి, మూడోది ఇంట్లో లేదు. "ఇగ బస్, అల్లుడు" అన్నాడు మా నాయిన. "చాలండి" అన్నాడు బావగారు. ఆ రెండు మాటలూ ఒకటేనని ఇద్దరూ ఒకసారి మొహాలు చూసుకుని నిర్ధారించుకున్నారు. సాయంత్రం బస్సుకు బావగారు ఒక్కడే వెళ్ళాడు. అక్క పురుడు రాయచూరులోనే జరిగింది. బండి ఆ తర్వాత కూడా ఆగినప్పుడు కొంచెం గట్టిగానే అరిచేది, దానికి మేమంతా అలవాటుపడ్డాం. అద్దం మళ్ళీ చట్రంలోకి వెళ్ళింది. గరుకు కాగితం అంచు గీసుకున్న గీతల వెనక బావగారు ఇప్పటికీ మసగ్గా నిలబడి ఉంటాడు.

ఇదంతా మా అక్క కొడుక్కి చెప్పాను. వాడు లేచి వెళ్ళి గోడ మీది ఫోటోను దగ్గరగా చూసి వచ్చాడు. "మరి తాతయ్యదా తప్పు, నాన్నదా?" అన్నాడు. నలభై ఏళ్ళుగా నాకు తెలియనిది వాడికేం చెప్పను? అద్దం ఎందుకురా, వంటింటి గట్టు మీది గ్రానైటు చూడు అన్నాను. వాడు దాని మీద రుద్ది, అటొక అరతిప్పూ ఇటొక అరతిప్పూ వేస్తూ నెమ్మదిగా బిగించాడు. మధ్యాహ్నానికి బండి దగ్గి, పొగ కక్కి, స్టార్టయింది. పెరడంతా మా నాయిన డ్యూటీ దిగి ఇంటికి వచ్చినట్టే ఉంది. వాడు ఫోను చేసి బండి పక్కన పెట్టాడు. కాసేపటికి ఆ రొదలో అటువైపు నుంచి బావగారి గొంతు వినబడింది. "చాలు" అన్నాడు. "అండి" లేదు, చెప్పింది కొడుక్కి కదా. వాడు తాళంచెవి మీద చెయ్యివేసి నా వంక చూశాడు. "పిన్నీ, ఆపమంటున్నాడా, నడవనిమ్మంటున్నాడా?" అన్నాడు. ఆయన ఆ ఒక్క మాట మళ్ళీ అన్నాడు. మాకు తెలియలేదు. వాడు చెయ్యి తీసేశాడు, బండి నడుస్తూనే ఉంది.

ఈ వయసులో నేను కూడా కాలంతో ఒక్కోసారి "చాలు" అంటుంటాను. కాలం ఆ మాటను మా నాయిన చెవులతో వింటే బాగుండునని ఉంటుంది.